చాలన్నందుకు ఏడు మార్కులు

మన రాష్ట్రం మనకొచ్చి ఏడాదో రెండేళ్ళో అయిన రోజులవి. పాలమూరులో టీకొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ నాయకుడే. అలాంటి కాలంలో డిగ్రీ చదివిన నేను నాయకుణ్ణి కాకుండా ఎలా ఉంటాను? (చదివిన అనడం కొంచెం ఎక్కువే. కాలేజీకి వెళ్ళి వచ్చిన అంటే సరిపోతుంది.) అప్పుడే ఎకనామిక్స్ చెప్పడానికి కొత్త సారు వచ్చి, "ఇంటర్నల్ మార్కులు ఇరవై. ఎట్ల వెయ్యాలో మీరే చెప్పండి" అన్నాడు. అంత పెద్ద అధికారం అంత చవగ్గా దొరికేసరికి క్లాసంతా నా వైపు చూసింది. నేను లేచాను.

"ఎవరి మార్కులు వాళ్ళే ఏసుకుంటం సార్. మేమేసుకున్న దాంట్లకెల్లి ఒక్కటి గూడ మీరు తగ్గియ్యొద్దు. మాటియ్యాలె" అన్నాను. సారు మాటిచ్చాడు. చప్పట్లే చప్పట్లు. పాసు కావాలంటే ఎనిమిది రావాలి. ఆ ఎనిమిది నాకు ప్రాణంతో సమానం, ఎందుకంటే మా బాపు ముందే చెప్పి పెట్టాడు: "ఈసారి తప్పినవనుకో, సీదా బోర్లేసే లారీ మీద పనికి పోవుడే."

కాగితాలు పంచారు. నాలోని మేధావి నిద్ర లేచాడు. వెనక బెంచీల వాళ్ళను దగ్గరికి పిలిచి ఉపదేశించాను: "ఇరవై ఏసుకుంటే ఆశపోతులనుకుంటడు. పెండ్లి బంతిల చాలు చాలు అన్నోనికే కదరా ఇంకో గంటెడు పడేది? జర తక్కువేసుకోండ్రి, సారే సిగ్గుపడి పెంచుతడు." అందరూ పది, తొమ్మిది వేసుకున్నారు. గురువును కదా, నేను మరింత వినయంగా ఏడు వేసుకున్నాను. ముందు బెంచీలో కూర్చునే అచ్చంపేట అమ్మాయి మాత్రం పందొమ్మిది వేసుకుంది.

"గింత ఆశనా?" అన్నాను.

"నేను చదివిన, ఏసుకున్న. ఆకలైనోళ్ళు చాలంటరా?" అంది.

ఆ రోజు నుంచి ఆమెకు 'పందొమ్మిది' అని పేరు పెట్టి పగలబడి నవ్వాం.

వారం తర్వాత లిస్టు అంటించారు. పందొమ్మిదికి పందొమ్మిదే. నాకు ఏడు. పరుగెత్తుకుంటూ సారు దగ్గరికి వెళ్ళి, "ఫెయిలైన సార్!" అన్నాను.

"తగ్గించొద్దన్నవు. నేను తగ్గించలే కదా?"

"మర్యాదకేసిన సార్..."

"మర్యాదకు మార్కులుంటయని నువ్వు చెప్పలేదు గదయ్యా."

మహానుభావుడు! మాటంటే మాట. లోకంలో పరీక్ష తప్పినవాళ్ళు బోలెడుమంది ఉంటారు గాని, తన చేత్తో తనను తానే ఫెయిలు చేసుకున్న ఘనత నాది. ఆ ఎండాకాలమంతా బోరు లారీ మీద రాతి దుమ్ము తిన్నాను. బాపు మాత్రం రోజూ "కడుపు నిండిందా బిడ్డా?" అని ఆప్యాయంగా అడిగేవాడు. ఒట్టు, ఏడుపొచ్చేది. మరుసటేడు ఎలాగో పాసయ్యాను.

మొన్న కోస్గిలో పెండ్లికి పోతే, బంతిలో నా ఎదుటి వరసలో పందొమ్మిది కూర్చుని ఉంది. ఇప్పుడు టీచరమ్మ. మటన్ బకెట్టు నా ముందుకొచ్చింది. ఈ పాడు నోరు ఊరుకుంటుందా, "చాలన్నా, చాలు" అన్నాను. వడ్డించే ఆయన నిజంగానే ముందుకు పోయాడు. నేను బకెట్టు వైపు దీనంగా చూస్తుండగానే ఆమె కేకేసింది:

"ఓ అన్నా, ఎనుకకు రా! గాయిన చాలన్నడంటే చాలలేదన్నట్టు. ఎనిమిది ముక్కలెయ్యి, పాసైతడు."

బంతంతా నవ్వింది, నేనూ నవ్వాను. లెక్కపెట్టి ఎనిమిదీ తిన్నాను. తొమ్మిదోది అడగాలంటే మళ్ళీ సిగ్గేసింది.