వెంకటదుర్గ అదనపు లెక్కలు

నరసాపురంలో బైపీసీ చదివే వెంకటదుర్గకు ఏ సంగతీ ఒక పట్టాన తేలదు. జడ కొస నములుతూ గుమ్మంలోనే నిలబడిపోతుంది. మెడిసిన్ సీటు రాకపోతే ఇంజనీరింగ్‌కైనా పనికొస్తుంది, ఇష్టమైనవాళ్ళు లెక్కల పరీక్ష కూడా రాసుకోవచ్చని కాలేజీలో చెప్పినప్పటి నుంచీ ఆ జడకి విశ్రాంతి లేదు. రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డవాళ్ళని కూడా సలహా అడిగింది. తలో మాట చెప్పారు. ఫీజు గడువు చివరిరోజున, లేసు అల్లుకుంటున్న మేనత్త సూర్యావతి పక్కన చేరింది.

"రాయమంటావా అత్తా?"

"వద్దులేవే. లెక్కలు నీవల్ల కాదు," అంది అత్త, అల్లిక మీంచి చూపు తిప్పకుండానే.

దుర్గ మొహం కందిపోయింది. "ఎందుక్కాదు? టెన్త్‌లో లెక్కల్లో నేనే ఫస్టు," అని విసవిసా వెళ్ళి ఫీజు కట్టేసింది. సాయంత్రం మళ్ళీ వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"ట్యూషన్ ఎవరి దగ్గర చేరమంటావు?"