పదకొండు నిమిషాల నలుపు

2003 ఫిబ్రవరిలో నన్ను గోదావరి పక్కన అడవి అంచున ఉన్న చర్ల పంపారు. అప్పుడు నేను ప్రభుత్వ చిత్ర విభాగంలో నిర్మాణ అధికారిని. స్క్రిప్టు రాయడం, యూనిట్‌ను నడపడం, టేపులను భద్రంగా కార్యాలయానికి చేర్చడం నా బాధ్యత. తీయవలసింది రాఘవులు సార్ మీద అరగంట డాక్యుమెంటరీ. ఆధునిక చిత్రకారుడిగా ఢిల్లీ దాకా పేరున్న మనిషి, నగరంలో కళాశాల ఉద్యోగం వదులుకుని, చర్ల అవతల ఒక గూడెంలోని ఆశ్రమ పాఠశాలలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టరుగా పనిచేశారు. రిటైరైనా ఊరు వదల్లేదు.

దగ్గరలోని పర్ణశాల యాత్రికులను చూపించి, ఆయన కళ దైవదత్తమని వ్యాఖ్యానంలో చెప్పమని పైనుంచి సూచన వచ్చింది. నేను రాయనన్నాను. దైవదత్తమైతే ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టుకుని నిలబడడం దేనికి? నాకు సాక్ష్యం కావాలి. సాక్ష్యం ఉన్నచోట నిజం తనంతట తానే నిలబడుతుందని ఆ రోజుల్లో సభల్లో బల్ల గుద్ది వాదించేవాణ్ణి.

సాక్ష్యం ఆయన ఇనప్పెట్టెలో దొరికింది. బడిలో చేరిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ మొదటి రోజు ఆయన ఒకటే పని చెప్పేవారు: మీ ఇంటి నుంచి బడికి వచ్చిన దారి గీయి. కొలతలు వద్దు, దారిలో నిన్ను ఆపినదాన్ని పెద్దగా గీయి, గుర్తులేనిదాన్ని వదిలెయ్యి. ముప్పై ఏళ్ల కాగితాలు పెట్టెలో ఉన్నాయి. ఒక దాంట్లో వాగు సగం కాగితం మింగేసింది. ఒక దాంట్లో ఇప్పచెట్టు తప్ప ఏమీ లేదు. ఆయన చిత్రాల్లో విమర్శకులు మెచ్చుకున్న ఆ వింత కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అప్పుడు తెలిసింది. పిల్లలు ఆయన దగ్గర నేర్చుకున్నారు, ఆయనా పిల్లల దగ్గర నేర్చుకున్నారు.

కొన్ని కాగితాలు ఏరి, ఒక్కోదాన్నీ దగ్గరగా, కింద ఉన్న పేరూ ఊరూ చదవగలిగేలా తీయమని కెమెరామన్ సలీంకు చెప్పాను.

రాఘవులు సార్ అడ్డు చెప్పారు. "పేర్లెందుకు సార్? గీత చూడుండ్రి, చాలు."

పేరు లేని కాగితం సాక్ష్యం కాదన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నారు. పదకొండు నిమిషాలు తీశాం. టేపు తీసి, దాని అడుగున ఉండే ఎర్ర మీటను నేనే లోపలికి నొక్కాను. అది నొక్కితే ఆ టేపు మీద మళ్లీ రికార్డు కాదు. మా పనిలో అది తాళం వేయడం లాంటిది.

మధ్యాహ్నం సార్‌ను కూడా జీపులో ఎక్కించుకుని దుమ్ముగూడెం వైపు బయలుదేరాం. గోదావరి ఒడ్డున ఆయన నడుస్తున్న దృశ్యం తీయడం మిగిలింది. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. కుర్ర ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. ఏం తీశారో చూపించమన్నాడు. సలీం టేపు పెట్టి తిప్పాడు. ఎస్సై వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏంది సార్ గిది? డ్రాయింగా, మ్యాపా?"

"అందుల కుక్క ఇంటికన్నా పెద్దగున్నది చూసినవా బిడ్డా?" అన్నారు రాఘవులు సార్. "గసొంటి మ్యాపు పట్టుకొని పోతే కుక్క కాడికే పోతవు."

పక్కనున్న జవాను నవ్వాడు. ఎస్సై కూడా నవ్వాడు కానీ కన్ను తీయలేదు.

"కుక్క సంగతి ఇడిసిపెట్టుండ్రి సార్. గుట్ట మీదికెళ్లి పోయే ఈ తొవ్వ మా కాగితాలల్ల లేదు. ఈ జోగయ్య ఎవరు?"

జోగయ్య గుట్ట అవతలి గూడెం వాడు. చిన్నప్పుడు గుట్ట దాటి బడికి వచ్చాడు, ఇప్పుడు అదే బడిలో పంతులు. ఆ దారి గురించి అడగడానికి క్యాంపు అతన్ని పిలిపిస్తుంది. క్యాంపుకు వెళ్లి వచ్చినవాణ్ణి అడవిలో తిరిగేవాళ్లు పిలిపిస్తారు. ఇద్దరికీ జవాబు చెప్పి ఆ అంచున బతికి బట్టకట్టిన వాళ్లు తక్కువ. అతని పేరును చదవగలిగేలా తీయించింది నేను.

టేపు ఇక్కడ పెట్టి పొమ్మన్నాడు ఎస్సై. ప్రభుత్వ ఆస్తి, వివరాలతో జప్తు రసీదు రాసివ్వనిదే ఇవ్వనన్నాను. అది నిబంధన. పైవాళ్లను అడగాలని ఎస్సై వైర్‌లెస్ గుడారంలోకి వెళ్లాడు.

సలీం నా ముఖం చూశాడు. నేను టేపు తీసి, గోటితో ఎర్ర మీటను బయటికి లాగి, మళ్లీ కెమెరాలో పెట్టాను. సలీం టేపును వెనక్కి తిప్పి, లెన్సుకు మూత పెట్టి, రికార్డు నొక్కాడు. మూత పెట్టిన లెన్సు నలుపునే రాస్తుంది. పదకొండు నిమిషాల బొమ్మను చెరపడానికి పదకొండు నిమిషాలూ పడుతుంది.

మూడో నిమిషంలో జవాను దగ్గరికి వచ్చాడు. "ఏందన్నా, మిషన్ తిరుగుతాంది?"

"దుమ్ము పట్టింది తమ్మీ, లోపల సాఫ్ చేస్తున్న," అన్నాడు సలీం.

జవాను అక్కడే నిలబడ్డాడు. రాఘవులు సార్ అతన్ని ఏ ఊరని అడిగారు. ఇంటి నుంచి బడికి ఎట్ల పోయేటోడివి అని అడిగారు. జవాను చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు, చెరువు కట్ట, మిరప తోట, ఒక కరిచే బాతు. నేను లెక్క చూస్తూనే ఉన్నాను. తొమ్మిది. పది. గుడారంలో మాటలు ఆగిపోయాయి. పదకొండో నిమిషం దాటాక సలీం ఆపాడు.

ఎస్సై రసీదు రాసుకొచ్చాడు, మళ్లీ టేపు తిప్పించాడు, నలుపు చూశాడు.

"గింతసేపు నన్ను గుడారంల కూసోబెట్టిండ్రా సార్?"

"నేనే చెరిపేశాను. అట్లాగే రాసుకోండి," అన్నాను.

రాసుకున్నాడు. అతని పని అతను చేశాడు. అసలు కాగితాలు పెట్టెలో ఉన్నాయని అతనికీ తెలుసు. పొద్దున వచ్చి చూస్తామన్నాడు. రాఘవులు సార్ గోదావరి ఒడ్డుకు రానన్నారు. జీపు వెనక్కి తిప్పించుకుని గూడెంలో దిగిపోయారు.

ప్రభుత్వ టేపు ధ్వంసం చేసినందుకు నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను. మూడు నెలలకు జోగయ్య ఉత్తరం రాశాడు. ఆ సాయంత్రమే సార్ ముప్పై ఏళ్ల కాగితాలనూ బడి వంటపొయ్యిలో పెట్టారట. పొద్దున పోలీసులు వచ్చేసరికి పెట్టెలో తెల్ల కాగితాలే ఉన్నాయట. చూపించి అడగడానికి కాగితమూ టేపూ లేకపోయేసరికి తనను ఎవరూ పిలవలేదని చివర రాశాడు.

సినిమాలో ఆ కాగితాలు ఉండాల్సిన చోట ఖాళీ తరగతి గోడ, దాని మీద సార్ గొంతు మాత్రమే ఉంటాయి. గోడను అలా వదలడం గొప్ప కళాత్మక నిర్ణయమని ఒక సభలో ప్రశంసించారు. నేను సరిదిద్దలేదు. ఇప్పుడు దిద్దుతున్నాను. అది నిర్ణయం కాదు, నా తప్పు మిగిల్చిన ఖాళీ. సాక్ష్యం తనంతట తాను ఎవరి పక్షానా నిలబడదు, చేతిలో ఉంచుకున్నవాడి పక్షాన నిలబడుతుంది. ఆ తర్వాత నేను తీసిన ఏ సినిమాలోనూ, ఎవరి చేతికి పోతుందో ఆలోచించకుండా ఒక్క పేరునూ దగ్గరగా తీయించలేదు.