నమూనాలో ఆరో పేరా

కోర్టు ఎదుటి వరండాలో నా జిరాక్సు కొట్టుకీ, కోర్టు కాగితాలు టైపు చేసే టైపక్క గదికీ మధ్య ఒక చెక్క అడ్డం, అంతే. ఆవిడ దగ్గితే నాకు వినిపిస్తుంది. నేను గొణుక్కుంటే ఆవిడ జవాబు చెబుతుంది. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు.

టైపక్క చేతిలో పడని తగాదా లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమనే యజమానీ, చచ్చినా చెయ్యననే అద్దెదారూ ఆవిడ బెంచీ మీద పక్కపక్కనే కూర్చునేవారు. పనివాణ్ణి తీసేసిన షాపు ఓనరుకి పొద్దున నోటీసు కొట్టిచ్చి, మధ్యాహ్నం ఆ పనివాడికే ఫిర్యాదు కొట్టిచ్చేది. ఇద్దరికీ టీ ఆవిడే తెప్పించేది. "నాకెవరి మీదా కోపం లేదు, నాది వేళ్ల పని" అనేది.

ఆవిడ కంప్యూటర్లో ప్రతి గొడవకీ ఒక నమూనా సిద్ధంగా ఉంటుంది. పేరు మార్చడం, చిరునామా మార్చడం, ప్రింటు తియ్యడం. విడాకుల నమూనా అయితే మరీ ఘోరం. భర్త తాగుతాడు, అనుమానిస్తాడు, కొడతాడు. ఆరో పేరాకి వచ్చేసరికి కన్నబిడ్డని కూడా కొడతాడు. అసలు మనిషి టీ కూడా ముట్టనివాడు కావచ్చు, నమూనాలో మాత్రం పచ్చి తాగుబోతు. ఇదేం అన్యాయం తల్లీ అని ఒకసారి అడిగాను.

"ఘాటుగా లేకపోతే కేసు నిలబడదని లాయర్లే అంటారు. రాజీ కుదిరాక ఇవన్నీ ఎవడు చూస్తాడు?" అంది.

వరండాలో అందరిదీ అదే మాట. లాయర్లకి ఆ పేరాలు కంఠతా వచ్చు, అందుకే చదవరు. ఎవరి పేరు అందులో ఎక్కిందో ఆ మనిషి మాత్రం అక్షరం వదలకుండా చదువుతాడని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇంతమంది తెలివిగలవాళ్లం ఉండి ఏం లాభం?

తల్లి పోయాక చెల్లెల్ని టైపక్కే పెంచి పెళ్లి చేసింది. మరిది బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి, కూతురంటే ప్రాణం. ఆ నోరు లేకపోవడంతోనే వచ్చింది గొడవంతా. యజమాని రాత్రనక పగలనక ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరుగెత్తేవాడు, సెలవు అడగడానికి జంకేవాడు. పిల్ల జ్వరంతో కాలిపోతున్న రోజు కూడా పనికి పోయాడు. చెల్లెలికి ఒళ్లు మండి, పిల్లని చంకనేసుకుని అక్క ఇంటికి వచ్చేసింది.

నిజానికి ఆ అమ్మాయికి విడాకులు అక్కర్లేదు. కాస్త బెదిరిస్తే చాలు. "కోర్టు కాగితం అందితే వాడే దిగొస్తాడు" అని లాయరు ధైర్యం చెప్పాడు. టైపక్క బేరాల మధ్య ఆ నమూనాలో పేర్లు మార్చి ప్రింటు తీసింది. చెల్లెలు చదవకుండానే సంతకాలు పెట్టేసింది. అక్క టైపు చేసిందాన్ని చదవడమేంటి అనుకుంది.

అతను దిగొచ్చాడు కూడా. యజమానితో మొదటిసారి నోరు విప్పి మాట్లాడి, పగటి పనికి మార్పించుకున్నాడని కబురు తెలిసింది. రాజీ మాటల కోసం కోర్టువాళ్లు పిలిచిన రోజు, అటునుంచి అటే కాపురానికి వెళ్లిపోదామని చెల్లెలు బట్టల సంచీ సర్దుకుని మరీ వచ్చింది. టైపక్క మొహం వెలిగిపోతోంది. నేను పిల్లని ఒళ్లో పెట్టుకుని ఆ రాజీ గది తలుపు దగ్గర కూర్చున్నాను.

అతను జేబులోంచి పిటిషన్ కాపీ తీసి భార్య ముందు పెట్టాడు.

"తాగుతానన్నావు, సరే. కోపంలో ఏవో అంటారు. నేను పాపని కొట్టానా?"

"నేనెప్పుడన్నాను అలా?" అంది చెల్లెలు.

అతను ఆరో పేరా మీద వేలు పెట్టాడు. ఆమె చదివి అక్క వైపు తిరిగింది. టైపక్క ఆ కాగితాన్ని మడవబోయింది.

"అది అందరికీ ఉండేదే బాబూ. నువ్వు పట్టించుకోకు. నమూనా అది."

"నమూనాలో నా పేరుందా వదినా?"

చెల్లెలు ఏడ్చింది, అది తన మాట కాదని అతని చెయ్యి పట్టుకుని బతిమాలింది. అతను గొంతు పెంచలేదు. "నీ మీద కోపం లేదు. కానీ కింద నీ సంతకముంది. రేపు పాప ఆడుకుంటూ పడి చెయ్యి కందినా ఇది నా మెడకి చుట్టుకుంటుంది. ఆ భయంతో నేను మీతో ఒకే ఇంట్లో ఉండలేను" అన్నాడు. నోరు లేని మనిషి ఒకసారి మాట అన్నాడంటే ఇక అంతే.

టైపక్క లాయరు దగ్గరికి పరుగెత్తి ఆ పేరా తీయించమంది. "తీసేద్దాం, దానికేం. కానీ అతను చదివేశాడుగా" అన్నాడాయన. తీసేశారు. చెల్లెలు వద్దనుకున్నా అతను పట్టు వదల్లేదు, విడాకులు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు అతను కూతుర్ని ఆదివారం ఆదివారం టైపక్క గదిలోనే చూస్తాడు. ఎవరో ఒకరు దగ్గరుండాలని కోర్టుని అడిగింది అతనే. బల్లకి ఆ వైపు కూర్చుంటాడు. తెచ్చిన బన్ను పిల్లకి చేతికివ్వడు, బల్ల మీద పెట్టి ముందుకి జరుపుతాడు.

మొన్న పిల్ల స్టూలెక్కి ఆడుతూ దభీమని కింద పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. "నాన్నా" అని ఏడుస్తూ చేతులు చాచింది. అతను గబుక్కున లేచాడు, దగ్గరిదాకా వచ్చాడు, ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"వదినా, మీరు ఎత్తండి" అన్నాడు.

టైపక్క ఎత్తుకుంది. పిల్ల ఆవిడ భుజం మీదుగా అతని వైపే చేతులు చాస్తూ ఏడుస్తూనే ఉంది.