చివరి చెరువుకి తొమ్మిది కేజీలు

హనుమాన్ జంక్షన్ దగ్గర మాకు ఎనిమిది చేపపిల్లల చెరువులున్నాయి. పోయిన వేసవిలో ఓ ఉదయం చివరి చెరువులో చేపపిల్లలన్నీ చచ్చి తెల్లగా తేలాయి. మావారు పక్క చెరువు ప్రకాశం గారి కాలర్ పట్టుకుని "విషం కలిపింది నువ్వే!" అని అరిచారు. "ప్రభువు సాక్షిగా నాకేం తెలీదండీ" అన్నారాయన.

నేను అనుమానంతో, మావారు పనివాళ్లకు పంపిన ఎక్సెల్ షీటు తెరిచాను. అన్ని చెరువులకీ నీటి శుద్ధికి బ్లీచింగ్ పౌడరు సమానంగా వేయాలని మొదటి గడిలో "2 కేజీలు" అని రాసి కిందికి లాగారు. అంకె పక్కన మాట ఉండటంతో అది గడిగడికీ ఒకటి పెరిగి, చివరి చెరువుకి తొమ్మిదైంది. ముందురోజు పనివాళ్లు ఆ చెరువుతోనే మొదలుపెట్టారు.

"ఆయన్ని వదలండి. చంపింది మనమే" అన్నాను. మావారు వదిలారు గానీ, తప్పైందని అనలేదు.

ఇప్పుడు గడిలో అంకె మాత్రమే రాసి, కేజీలన్నది పైన హెడ్డింగులో పెడుతున్నాం. ప్రకాశం గారు మాత్రం మా గట్టు మీద నడవడం మానేసి, చుట్టూ తిరిగి తన చెరువుకి వెళ్తున్నారు.