వీధి అరుగు ఖర్చు

మా పెద్దవదినగారిని తలచుకుంటే ఆవిడ కళ్లజోడు పైకి తోసుకోవడమే గుర్తొస్తుంది. టీచరుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతోనే ఏలూరులోని పాత మండువా ఇంటిని వానలకు ముందే బాగు చేయించాలని ఆవిడ పంతం. మేస్త్రి ఏ పని చెప్పినా కళ్లజోడు తోసుకుని, "అది లేకపోతే ఇల్లు కూలుతుందా మేస్త్రిగారూ?" అనేవారు. అలా పాలరాయి పోయింది, ఫాల్స్ సీలింగు పోయింది.

ఒకరోజు మేస్త్రి నవ్వుతూ, "వీధి అరుగు కుంగిందండీ, తీసేద్దామా? అది లేకపోయినా ఇల్లు కూలదు కదండీ" అన్నాడు.

ఆవిడ కళ్లజోడు ముట్టుకోలేదు.

"కూలదు. కానీ కొల్లేటి చేపలు మోసుకొచ్చే మనిషి గంప ఎక్కడ దించుకుంటుంది? అరుగు కట్టండి. ఖర్చుల లెక్కలోంచి నా గదిలో ఏసీ కొట్టేయండి."

"ఎండాకాలం ఎలాగండీ వదినగారూ?" అన్నాను.

"నాకూ అరుగుంటుందిగా, మరిదిగారూ!"