తగువు లేనిదే గుడి చూపించని జగన్నాధం గారు

జగన్నాధం గారు తగువు పెట్టుకోకుండా ఎవరికీ ఏదీ చూపించలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఆయన గైడుగా తిరిగిన తొమ్మిదేళ్లూ కారు నడిపినవాణ్ని నేనే కాబట్టి ఈ మాట ప్రమాణం చేసి చెప్పగలను. నాది సాలూరు. లారీల మధ్య పెరిగి, డ్రైవర్ల తిట్లతో అక్షరాభ్యాసం చేసుకున్నవాణ్ని. అలాంటి నాకే ఆయన పక్కన నిలబడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మనిషి బక్కపలచన. సర్వే ఆఫీసులో రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు పొలం గట్ల మీద అన్నదమ్ముల తగాదాలు విని విని, ఆ లోటు భరించలేక గైడు అయ్యారని నా నమ్మకం. ఒకసారి సాలిహుండం కొండ మీద మనుషులెవరూ దొరక్క మేకతో తగువు పెట్టుకున్నారు. మేకే ముందు వెళ్లిపోయింది.

"ఎందుకండీ ఈ గొడవలు?" అని అడిగితే, "అన్నేయం సూసి ఊరుకోమంటావేటి గోవిందూ?" అనేవారు. ఆయనకు కనిపించే అన్యాయాలు ఇంకెవరికీ కనిపించేవి కావు. అక్కడే వచ్చింది చిక్కు.

2017 ఫిబ్రవరిలో కర్నూలు నుంచి ఝాన్సీ గారని ఒకావిడ వచ్చారు. కాలేజీలో లైబ్రేరియన్. యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. ఏటా ఏదో ఒక ఊరు ఒక్కరే వెళ్లి చూసి రావడం ఆవిడ అలవాటట. ఒక రోజుకి మమ్మల్ని మాట్లాడుకున్నారు.

పొద్దున్నే టిఫిన్‌కి ఆగాం. ఇడ్లీ పెడుతూ సర్వరు, "ఒక్కరేనా మేడమ్? సారు రాలేదా?" అన్నాడు. ఆవిడ సగం ఇడ్లీ వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. ఇడ్లీ బాగాలేదేమో అనుకున్నాను నేను. జగన్నాధం గారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం నా ఎరుకలో అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

అరసవల్లిలో పూలమ్మే బుల్లమ్మ దండ కొలుస్తూ, "ఒక్కలే వచ్చినారేటమ్మా? మీ ఇంటాయన..." అంటూ ఉండగానే జగన్నాధం గారు విరుచుకుపడ్డారు.

"ఆగాగు. అది మూరేటి? నీ సెయ్యి జానెడున్నాది. ఇదిగో, నా సెయ్యి సూడు. దీన్నంటారు మూరని."

"నాను పొట్టిదాన్ని, నా మూరా పొట్టిదే. దేవుడిచ్చిన సెయ్యిది బాబూ."

"అయితే పొడుగోళ్లని పెట్టి కొలిపించు."

"మీరే వచ్చి కూకోండి. రేపట్నించి మీరే అమ్మండి."

పది నిమిషాలు సాగింది. చివరికి బుల్లమ్మ ఉక్రోషం కొద్దీ ఇంకో మూర కలిపి, దండ ఝాన్సీ గారి చేతిలో పెట్టి, "ఈ మడిసితో ఎలా తిరుగుతన్నారమ్మా?" అని జాలిపడింది.

శ్రీకూర్మంలో గుడి వెనక తాబేళ్లు చూస్తున్నాం. చీపురుపల్లి నుంచి వచ్చిన రైతు కుటుంబం మా పక్కనే ఉంది. వాళ్ల పెద్దావిడ ఝాన్సీ గారి దగ్గరికి చేరి, "పిల్లలెంతమందమ్మా?" అంది. అంతే, జగన్నాధం గారు ఆవిడ మొగుడి మీదికి వెళ్లారు.

"ఏటయ్యా, తాబేలుకి వీపెట్టి ఫొటో తీయించుకుంటన్నావు? అదేటనుకుంటాది?"

"తాబేలు ఏటనుకుంటాదండీ?"

"నువ్వు దాన్నడిగినావా?"

"అది మాటాడదు కదండీ."

"మాటాడనోళ్లని అవమానించీడమేనా?"

పాపం ఆ రైతు తాబేలు వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "ఒక్కడివేటి, ఇంటిల్లిపాదీ పెట్టాల," అన్నారు ఈయన. పెద్దావిడ అడిగింది మరిచిపోయి లెంపలేసుకుంది.

కారెక్కగానే ఝాన్సీ గారు పేలిపోయారు. "నేను గుళ్లు చూద్దామని వచ్చాను జగన్నాధం గారూ. తగువులు చూడాలంటే మా ఎదురు సందు చాలు. ఆ గుడి గోడల మీద అన్ని బొమ్మలున్నాయే, ఒక్కదాని గురించైనా చెప్పారా?"

"సెప్దామనే అనుకున్నానమ్మా. ఈలోగా అన్నేయం జరిగిపోనాది."

నాకూ ఒళ్లు మండింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మా జిల్లా గురించి ఏం గుర్తుంటుంది? పొట్టి మూర, తాబేలు పరువు. అద్దంలోంచి ఆవిడకి మద్దతుగా తల ఊపాను.

మధ్యాహ్నం కళింగపట్నం వెళ్లాం. ఒడ్డున తవిటమ్మ చేపల గంప దించుకుని కూర్చుంది. ఝాన్సీ గారిని ఎగాదిగా చూసి, "ఏ ఊరమ్మా? నీతో ఎవులూ రానేదా?" అంది.

"ఈ పండుగప్ప ఎప్పుడు పట్టినారు?" అన్నారు జగన్నాధం గారు, గంపలోని కోనెం చేపని చూపించి.

తవిటమ్మ కొంగు నడుముకి బిగించి లేచింది. "కోనేన్ని పట్టుకుని పండుగప్పంటావా? కళ్లు అద్దెకిచ్చీసినావేటి? మా అమ్మమ్మ, మా అమ్మ, నాను, మూడు తరాలు మోసినామీ గంప."

"మూడు తరాలు మోసినా పండుగప్ప పండుగప్పే."

వలలు బాగుచేసుకుంటున్న వాళ్లంతా లేచి వచ్చారు. ఒకవైపు పాతికమంది, ఇంకోవైపు ఆయన. వాళ్లు చేపని తోక పట్టుకుని ఆయన ముక్కు ముందు ఆడించారు. ఆయన ఒక్క అంగుళం తగ్గలేదు.

అప్పుడు వెలిగింది నాకు. ప్రతి ఆదివారం నా కార్లోనే ఇక్కడికొచ్చి, మొప్పలు ఎత్తి చూసి మరీ కోనెం కొనుక్కెళ్లే మనిషి ఈయన. ఝాన్సీ గారి వైపు చూశాను. ఆవిడ కోప్పడబోయి ఆగిపోయారు. కాసేపు ఆయన్నే చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

కారెక్కాక మెల్లిగా అడిగారు. "పొద్దున టిఫిన్ దగ్గర చూశారు కదూ?"

"ఏటి సూడ్డం?"

"పదిహేనేళ్లుగా తిరుగుతున్నాను. ఏ ఊరెళ్లినా ఒక్కరే వచ్చారా, మీవారేరి, పిల్లలెంతమంది? చూసేదానికన్నా సంజాయిషీ చెప్పుకునేదే ఎక్కువ. ఈరోజు ఒక్కరికీ చెప్పుకోలేదు."

జగన్నాధం గారు కిటికీలోంచి బయటికి చూశారు. "అలాంటిదేటీ నేదమ్మా. అది పండుగప్పే."

"సరే, పండుగప్పే. ఇప్పుడైనా ఆ బొమ్మల గురించి చెప్పండి."

చెప్పారు. ఆమదాలవలస స్టేషను దాకా చెబుతూనే ఉన్నారు. ఏ రంగు ఏ ఆకు పసరో, ఏ బొమ్మలో ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారో. తొమ్మిదేళ్లలో నేనూ మొదటిసారి పూర్తిగా విన్నాను. రెండుచోట్ల మలుపు తప్పాను.

సాయంత్రం రైలు వచ్చింది. ఆవిడకి కిటికీ పక్క సీటు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని, "ఒక్కరే వెళ్తున్నారామ్మా?" అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద జగన్నాధం గారు చొక్కా చేతులు మడిచి నోరు తెరిచారు. అదే క్షణంలో రైలు కూసింది. ఆయన అన్నది ఎవరికీ వినిపించలేదు. రైలు కదిలింది. ఆయన కిటికీ వెంట గబగబా నాలుగడుగులు వేశారు.

"ఏవండీ," అని లోపల్నించి ఝాన్సీ గారి గొంతు ఖంగుమంది. "ఆ సంచి అక్కడ పెడితే నేను కాళ్లెక్కడ పెట్టుకోవాలి? రైలు మీ ఒక్కరిదేనా?"

పెద్దమనిషి కంగారుగా సంచి ఒళ్లో పెట్టుకోవడం కనిపించింది. "ఒళ్లో పెట్టుకుంటే అయిపోయిందా?" అని ఆవిడ అనడం కూడా వినిపించింది. అంతలో ఆ పెట్టె దాటిపోయింది.

జగన్నాధం గారు చివరి పెట్టె వెళ్లేదాకా చూసి, చొక్కా చేతులు దించుకున్నారు.

"సంచి మీద తగువేటి గోవిందూ? బొత్తిగా పస నేదు."

"మొదటి తగువు కదండీ," అన్నాను.