నూనె ఆపమన్న కబురు

మంచుకొండ మీది మా ఆర్మీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆకాశం తేటగానే ఉంది. గాలి మాత్రం ముఖం కోసేస్తోంది. ఒకే తాడుకు కట్టుకుని వరసగా ఎక్కాం. చివరి గట్టు దగ్గర మంచు మోకాళ్ల దాకా దిగబడింది. నా వీపు మీద మందుల సంచి, దాని మీద చిన్న ఆక్సిజన్ సిలిండరు. పైన ఉన్నది ఇంతే: రెండు ఫైబరు గుడిసెలు, ఇసుక బస్తాల బంకరు, కిరోసిన్ డబ్బాలు, రెండు యాంటెన్నాలు. దానికవతల లోయ.

"అబ్బా, ఏం చలిరా నాయనా!" అనుకున్నాను పైకే.

బంకరులోంచి ఒక తల బయటికొచ్చింది. "ఎవరప్పా ఆడ తెలుగు మాట్లాడేది?"

అతను మా రేడియో ఆపరేటర్, ఈరన్న. పత్తికొండ దగ్గర పల్లె. వాళ్ల నాయన టమోటా పండించి పత్తికొండ మార్కెట్టుకు తోలుతాడు. నాది కడప. నేను నర్సింగ్ అసిస్టెంటును. జ్వరం, గాయం, మంచు కాటు, ఏదొచ్చినా ముందు చూసేది నేనే. డాక్టరు కింద బేస్ క్యాంపులో ఉంటాడు. ఆ పోస్టులో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. మొదటి రోజు నుంచీ అతను నన్ను "డాక్టరప్పా" అనే పిలిచాడు. వద్దన్నా మానలేదు.

పొద్దున ఆరింటికి రేడియో.

"బేస్, ఇది పై పోస్టు. అందరూ క్షేమం. గాలి ఎక్కువ. ఓవర్."

ఆ తర్వాత మంచు తవ్వడం. తవ్విన చోటే మళ్లీ పడేది. తర్వాత కాపలా, టీ, మళ్లీ తవ్వడం. పని లేకుండా ఒక చోట కూర్చోవాలంటే భయం. కూర్చుంటే మనసు ఇంటి మీదికి పోతుంది. ఈరన్న మనసు ఎప్పుడూ అక్కడే ఉండేది. అతని భార్య సుజాతకు మూడో నెల. పెళ్లయిన ఆరేళ్లకు వచ్చిన కడుపు.

మా పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్. కొండప్రాంతం మనిషి, మాట తక్కువ. ఒకరోజు టీ గ్లాసు పక్కన పెట్టేసి తల పట్టుకున్నాడు. నాలుగు రోజులుగా తలనొప్పి అట, పైకి చెప్పలేదు. పెదాల చుట్టూ చర్మం పొట్టు లేచింది. ఆ ఎత్తులో తలనొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. మెదడు వాపుకు అది మొదటి గుర్తు కావచ్చు. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు.

"సాబ్, మందులేమైనా వేసుకుంటున్నారా?"

"మందులేం లేవు. ఈరన్న ఇచ్చిన చేప మాత్రలు. మోకాళ్లకు మంచివన్నాడు. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు."

ఈరన్న డబ్బా తెప్పించాను. లేత పసుపు రంగు మెత్తటి మాత్రలు. టార్చి వేసి డబ్బా మీద అక్షరాలు చదివాను. అది మామూలు చేప నూనె కాదు. చేప కాలేయం నుంచి తీసిన నూనె.

జనం రెండూ ఒకటే అనుకుంటారు. రెండింటిలోనూ ఒంటికి పనికొచ్చే చేప కొవ్వు ఉంటుంది. కాలేయం నూనెలో పైగా విటమిన్ డి ఉంటుంది. నెలల తరబడి ఒంటికి ఎండ తగలని మాలాంటివాళ్లకు, మోతాదులో వేసుకుంటే, అది ఎముకలకు మేలే. కానీ దాంట్లో విటమిన్ ఎ కూడా ఉంటుంది. అది ఎక్కువైతే మూత్రంలో పోదు. మనిషి కాలేయంలో పేరుకుంటుంది. తలనొప్పి, వాంతులు, చర్మం పొట్టు లేవడం, అన్నీ దానివల్ల రావచ్చు. సాబ్ తలనొప్పి కొండవల్లో మాత్రలవల్లో తేలకపోతే ఆయన్ని కిందికి దించాలో వద్దో ఎలా చెప్పాలి? మాత్రలు ఆపించి, ఆక్సిజన్ పెట్టి, పక్కనే కూర్చున్నాను.

ఈరన్న గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు.

"డాక్టరప్పా, ఇట్లాంటిదే ఇంగో డబ్బా ఇంట్లో ఉండాది. మా యమ్మ మోకాళ్లకని కర్నూల్లో రెండు కొంటి. ఇప్పుడు అవి సుజాతకు ఇస్తాండారంట."

"ఎవరు ఇమ్మన్నారు?"

"కర్నూల్లో డాక్టరమ్మ చెప్పిందంట, చేప నూనె వేసుకుంటే బిడ్డ మెదడుకు మంచిదని. ఇంట్లో ఉండాది కదా అని మా యమ్మ ఇదే తీసిచ్చింది. ఏం, మంచిది కాదా?"

నేను డబ్బా తిప్పి అక్షరాలు మళ్లీ చదివాను. అతనికి అదే జవాబైంది.

"చెప్పప్పా."

"కడుపుతో ఉన్నవాళ్లకు కాలేయం నూనె ఇవ్వకూడదు. విటమిన్ ఎ మితిమీరితే బిడ్డకు ముఖం, చెవులు, గుండె ఏర్పడే సమయంలో కీడు చేయొచ్చు. ఎంత వేసుకుందో తెలియాలి. అప్పుడే ఏమీ అనుకోవద్దు."

అతను అప్పుడే అన్నీ అనుకున్నాడు.

ఇంటికి మాట్లాడే శాటిలైట్ ఫోను పోస్టులో ఒకటుంది. ముందురోజు గాలికి దాని యాంటెన్నా విరిగి వైరు తెగింది. మంచు తుపాను ఇంకా కొడుతూనే ఉంది. రేడియో పనిచేస్తోంది గానీ దాంట్లో సొంత కబుర్లు పంపకూడదు. సుబేదార్ సాబ్ పడుకునే కళ్లు తెరిచాడు. "వైద్య సమాచారం అని పంపు," అన్నాడు.

"బేస్, పై పోస్టు. వైద్య సమాచారం. మా ఆపరేటర్ ఇంటికి ఫోన్ చేయండి. అతని భార్యకు ఇస్తున్న చేప కాలేయం నూనె వెంటనే ఆపమనండి. ఓవర్."

మరుసటి రోజు జవాబు వచ్చింది. కింద ఆపరేటర్ ఉత్తరాది అతను, మనవైపు భాష రాదు. హుషారుగా చెప్పాడు.

"ఇంట్లో పెద్దాయనతో మాట్లాడాను. ఉర్దూ బాగా మాట్లాడుతున్నాడు. కోడలికి తేల్ బంద్ అని చెప్పాను. సరేనన్నాడు. ఓవర్."

తేల్ అంటే నూనె. ఈరన్న నాయనకు మార్కెట్టులో సాయిబులతో బేరాలు చేసి ఆ భాష వచ్చు. కబురు చేరిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఈరన్న మాత్రం హెడ్‌ఫోను తీయలేదు.

"తేల్ అన్న్యాడా? మాత్ర అనలేదా?"

"నూనె అంటే అదేగా."

"మా ఇంట్లో దాన్ని ఎవరూ నూనె అనరప్పా. చేప మాత్రలంటారు."

మళ్లీ బేస్‌ను పిలిచాడు. వాళ్లు మళ్లీ ఇంటికి ఫోన్ చేశారు. కలవలేదు. ఇంకోసారి, కలవలేదు. ఆ తర్వాత తుపానుకు రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. ఈరన్న తిండి తినలేదు. తవ్వాల్సిన పని లేకపోయినా పోయి తవ్వాడు. గుడిసెలోకి వచ్చి కూర్చునేవాడు, లేచేవాడు, బూట్లు వేసుకునేవాడు, విప్పేవాడు. "ఇప్పుడు ఆ మాత్ర ఇస్తా ఉంటారు," అనేవాడు భోజనాల వేళైనప్పుడల్లా. నా మాటలు అతనిలో తిరుగుతున్నాయని నాకు తెలుసు.

మూడో రోజు పొద్దున గాలి కాస్త తగ్గింది. సుబేదార్ సాబ్ తలనొప్పి కూడా తగ్గింది. మాత్రలు ఆపినందుకో, ఆక్సిజన్ పెట్టినందుకో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను. ఆయనే లేచి ఈరన్న నడుముకు తాడు కట్టాడు. రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు.

"తొందరపడకు. నేను తాడు లాగితే వచ్చేయాలి."

ఈరన్న గుడిసె వెనక రాతి మీదికి ఎక్కాడు. పై గ్లవుజులతో సన్న వైరు పట్టు చిక్కలేదు. అవి తీసి పళ్లతో పట్టుకున్నాడు. లోపలి గ్లవుజు కూడా తీశాడు. నేను కింద నుంచి అరుస్తున్నాను. వైరు చుట్టేదాకా అతను దిగలేదు. సాబ్ రెండుసార్లు తాడు లాగాడు. దిగేసరికి అతని వేళ్ల కొసలు మైనంలా తెల్లగా అయిపోయాయి. నా చంకల్లో పెట్టి వెచ్చబెట్టాను. ఆ చేతులు అట్లా ఉండగానే ఫోను కలిపించాడు.

వాళ్లమ్మ ఎత్తింది. ఫోను స్పీకరులో ఉంది.

"యమ్మా, సుజాతకు నూనె ఆపినారా?"

"ఆపినాం నాయనా. మీ ఆఫీసరు చెప్పినాడని ఆ పొద్దు నుంచి ఒక్క సుక్క లేదు. కూరలో లేదు, పోపులో లేదు. తలకు గూడా పెట్టనీలే. మీ నాయన నూనె క్యాను ఎత్తి అటక మీద పెట్టినాడు. ఆ పిల్ల ఉత్త ఉడకబెట్టిన కూరలు తినలేక ఏడుస్తాండాది."

"చేప మాత్రలో?"

"అవి ఇస్తాండా. నూనె లేక పిల్ల నీరసపడ్తాదని రోజుకు రెండు చేసినా."

ఈరన్న నన్ను మాట్లాడమని గడ్డంతో ఫోను చూపించాడు. ఆపమన్నది వంట నూనెను కాదు, ఆ చేప మాత్రలనే అని నేను నిదానంగా చెప్పాను. తర్వాత సుజాత గొంతు వినిపించింది.

"అన్నా, బిడ్డకు ఏమన్నా అయితాదా?"

"మాత్రలు మానెయ్యమ్మా. డబ్బా తీసుకుని రేపే కర్నూలు పో. డాక్టరమ్మకు డబ్బా చూపించు."

"నిజం చెప్పన్నా."

"నాకు తెలియదమ్మా. ఆమె చూసి చెప్తుంది."

వెనక నుంచి వాళ్లమ్మ ఏడుస్తూనే అడిగింది. "నాయనా, మరి నేను వేసుకోవచ్చునా అవి?" ఆమె గుండెకు రక్తం పలచబరిచే మాత్ర వాడుతోందని అప్పుడే తెలిసింది. చేప నూనె కూడా రక్తాన్ని పలచబరచవచ్చు కాబట్టి ఆమెను కూడా ముందు డాక్టరును అడగమన్నాను.

తర్వాతి ఫోనులో సుజాతే చెప్పింది. డాక్టరమ్మ డబ్బా తిప్పి చదివిందట. ఒక్కో మాత్రలో విటమిన్ ఎ తక్కువే, రెండు వేసుకున్నా భయపడేంత కాదు, ఇక ముట్టుకోవద్దు, ఐదో నెలలో స్కానింగు చూద్దాం అందట. తను చెప్పింది కాలేయం నుంచి తీయని మామూలు చేప నూనె అని, రెండింటికీ తేడా విడమరిచి చెప్పకపోవడం తన పొరపాటేనని అందట. ఐదో నెల స్కానింగు కూడా బాగానే వచ్చింది. ఆ కబురు అందిన రోజు మా గుడిసెలో అందరికీ హల్వా వండారు.

ఈరన్న హల్వా తిన్నాడు, నవ్వాడు. రెండు రోజులకు కాపలాలో నా పక్కన నిలబడి అడిగాడు.

"డాక్టరప్పా, బిడ్డకు చెవులు వినపడేదీ లేనిదీ స్కానింగులో తెలుస్తాదా?"

"తెలియదు."

"అదే అనుకుంటి."

కిందికి దిగాక ఇద్దరికీ వేరువేరు క్యాంపులు పడ్డాయి. ఎండాకాలంలో సెలవు మాత్రం కలిసింది. రైల్లో కర్నూలు దిగి, ముందు వాళ్లింటికే పోయాం. స్టేషను బయట వేడి గాలి తగిలితే ఒళ్లంతా జలదరించింది. సుజాతకు పుట్టిన పాపకు అప్పటికి నాలుగో నెల. వాళ్లమ్మ నాకు అన్నం పెడుతూ, చారు మీద తేలే నూనె చూపించి, "ఇప్పుడు బాగా వేస్తాండాములే" అని సిగ్గుపడింది. సుజాత నవ్వింది.

నేను సర్వీసు ముగించి కడపకు వచ్చేసి చాలా కాలమైంది. చేప మాత్రల గురించి ఎవరడిగినా డబ్బా తెచ్చి చూపించమంటాను. కొండ మీద చూసినవి చాలా మరిచిపోయాను. ఆ ఇంట్లో చూసింది మాత్రం మనసులోంచి పోలేదు.

చాప మీద పాప బోర్లా పడుకుని ఉంది. ఈరన్న యూనిఫాం కూడా మార్చకుండా ఆమె తల వెనక గొంతుక్కూర్చున్నాడు. మెల్లగా చప్పట్లు కొట్టాడు. పాప తల తిప్పి చూసింది.

"పొద్దున ఫోనులో చెప్తి కదా, బాగా వింటాదని," అంది సుజాత.

"ఆ పక్క చెవి చూడాల."

ఇంకో వైపుకు జరిగి మళ్లీ కొట్టాడు. పాప అటు తిరిగింది. నోరంతా తెరిచి నవ్వింది. అతను నవ్వలేదు. పాప మళ్లీ ముందుకు తిరిగేదాకా ఆగి, ఈసారి ఇంకా మెల్లగా కొట్టడానికి చేతులెత్తాడు.